పొట్టి జొన్న మడిలో పొడుగు మొక్కలు

మా బుడ్డి పెంచే జొన్న మడిలో పొడుగు మొక్కలు లేచాయని నాకు మొదట చెప్పింది మేస్త్రి. అప్పుడు నేను వసారాలో కూర్చుని కాగితం సంచులు అతికిస్తున్నాను. పూతకొచ్చిన జొన్న కంకికి ఆ సంచి తొడిగి పిన్ను గుచ్చుతారు. పక్క మొక్క పుప్పొడి ఎగిరొచ్చి దాని మీద పడకూడదు కదా, అందుకు. మేమున్న పంటల పరిశోధన క్షేత్రంలో ఆ సంచుల పని నాది.

“అమ్మా, మీ అమ్మాయిగారి మడిలో కొందరు మెడలు సాచి చూస్తున్నారు,” అన్నాడు మేస్త్రి, గుమ్మం దగ్గర చెప్పులు దులుపుకుంటూ.

“ఎవరయ్యా?”

“జొన్నలేనమ్మా. మనుషులైతే కసిరి కూర్చోబెట్టేవాణ్ణి.”

అతనికి ప్రతిదీ వేళాకోళమే. నాకు మాత్రం చేతిలో సంచి వంకరగా అతుక్కుపోయింది.

బుడ్డి నా చెల్లెలి కూతురు. చిన్నప్పుడు తోటి పిల్లల భుజం దాకా కూడా వచ్చేది కాదని ఆ పేరు పడింది. ఇప్పుడు పెద్ద చదువు చదివింది, పేరుకు ముందు డాక్టరని రాస్తారు. అయినా ఇంట్లో బుడ్డే, క్షేత్రంలో కూడా వెనకాల బుడ్డి మేడమే. పొట్టి మనిషి పొట్టి జొన్న పెంచుతోందని అందరూ నవ్వుకునేవాళ్లు. తనూ నవ్వేది.

ఆ జొన్న సంగతి కాస్త చెప్పాలి. మామూలు జొన్న మనిషిని మించి ఎదుగుతుంది. గింజ గట్టిపడే వేళకు ఓ గాలివాన వచ్చిందంటే బారుకు బారు నేలమీద పడుకుంటుంది. అది చాలదన్నట్టు మొదలు దగ్గర పక్క కాండాలు, పిలకల మీద పిలకలు వేసి, ఉన్న సత్తువను తలా కాస్త పంచేస్తుంది. ఏ కంకీ నిండదు. బుడ్డి తయారు చేసింది అలాంటిది కాదు. నా ఛాతీ దాకా వస్తుంది. ఒకటే కాండం, ఒకటే కంకి, కంకి నిండా గింజ. ఉద్యోగంలో చేరినప్పటినుంచి దాని వెంటే పడి ఉంది. పండగ లేదు, పబ్బం లేదు, పెళ్లి మాటెత్తితే “జొన్న కోతకొచ్చాక చూద్దాంలే పెద్దమ్మా” అని జారుకునేది.

ఆ పంటకాలం చివర తనిఖీ ఉంది. మడి అంతా ఒకే ఎత్తున, ఒకే తీరున నిలబడితే ఆ విత్తనం రైతుల దాకా వెళ్లే దారి తెరుచుకుంటుంది. లేకపోతే గింజతో సహా కాల్చేసి, మడిని ఇంకొకరికి ఇచ్చేస్తారు. ఇందులో నా గోల ఒకటుంది. పంట గెలిస్తే దాన్ని పెంచడానికి బుడ్డిని వేరే ఊళ్లో ఉన్న విత్తన క్షేత్రానికి పంపుతారు. ఓడితే ఇక్కడే, ఎవరో ఒకరి కింద పనిచేసుకుంటూ, నా కళ్లముందే ఉంటుంది. ఏది జరగాలని దేవుడికి చెప్పుకోవాలో తెలియక నేను చెప్పుకోవడమే మానేశాను.

నాకు మనుషులు వెళ్లడమంటే పడదు. మా ఆయన వంతెన పనికి వెళ్తూ సాయంత్రానికి వస్తానన్నాడు. చెల్లెలు ఆసుపత్రి తలుపు తోసుకుని లోపలికి వెళ్తూ, పిల్లని కాసేపు పట్టుకోమంది. ఆ కాసేపు ఇంకా అవలేదు.

సాయంత్రం బుడ్డి వచ్చేసరికి నేను గుమ్మంలోనే ఉన్నాను.

“లోపలికి నడు పెద్దమ్మా. నీ ముఖం చూస్తే మేస్త్రి కబురు మోసేసినట్టున్నాడు.”

“ఎవరి విత్తనమే అది? ఎవరైనా కలిపారా?”

“మీసాలాయన అదే పాట పాడుతున్నాడు. ఆయన పొడుగు జొన్న నా విత్తనంలో కలిసిందట. నాకు గింజలు దాచుకోవడం కూడా చేతకాదట.”

మీసాలాయన పక్క మడులు చూసే అధికారి. ఆయన పెంచేది పశువుల మేతకోసం పొడుగు జొన్న. మనిషి చెడ్డవాడు కాదు కానీ, ఎదుటివాళ్ల తప్పు కనిపిస్తే కడుపు నిండినట్టుంటుంది ఆయనకి.

“కలవలేదా మరి?”

“లేదు. అది లోపలినుంచే వచ్చింది.”

నాకు ఎక్కలేదు. అప్పుడు బుడ్డి నేను పాడు చేసిన సంచి తీసుకుంది. నా కంగారుకి దాని నడుమ ఓ మడత అదనంగా పడి అతుక్కుపోయి ఉంది.

“ఇది పొట్టిదెందుకైంది?”

“మడత ఎక్కువ పడింది కనుక.”

“మన జొన్నా అంతే. కాండాన్ని సాగదీసే జన్యువు ఒకటుంటుంది. మనదాంట్లో ఆ జన్యువులో ఓ ముక్క రెండుసార్లు పడింది. దాంతో అది పనిచేయదు, కాండం సాగదు. కానీ ఎప్పుడో, వేలల్లో ఒకసారి, పుప్పొడి తయారయ్యేటప్పుడు ఆ అదనపు ముక్క జారిపోతుంది.” సంచి నడుమ వేలు దూర్చి మడత ఊడదీసింది. సంచి టప్పున నిటారుగా సాగింది. “ఆ పుప్పొడితో కట్టిన గింజ మొలిచిందనుకో, తాతల ఎత్తు ఎదుగుతుంది.”

“అంటే పొట్టివాళ్ల కడుపున పొడుగు పిల్ల.”

“బయటి పిల్ల కాదు, మన పిల్లే. ఆకు ముక్క పరీక్షకి పంపితే తెలిసిపోతుంది. మడత విడిచిన జాడ ఉంటే మనది, లేకపోతే మీసాలాయనది. మన పిల్లలే అయితే ఏటా వచ్చే నాలుగు మొక్కల్ని ఏరేస్తే చాలు, పంటకి ఢోకా లేదు.”

“మరి ఇవాళే ఆకులు తెంపుకురాకపోయావా?”

“తెంపి తెస్తే ఎక్కడి ఆకో అంటాడు. తనిఖీ వాళ్ల ముందు, నిలబడ్డ మొక్కనుంచే తీయాలి. ఎల్లుండేగా వచ్చేది. అందాకా ఆ మొక్కల మీద ఈగ వాలకూడదని మేస్త్రికి చెప్పాను.”

మేస్త్రి మర్నాడు పనివాళ్లతో చెప్పాడు కూడా. చెప్పింది మాత్రం ఇలా: “రేపు తనిఖీ. బుడ్డి మేడం మడి జాగ్రత్త.” అంతే. మడి జాగ్రత్త అంటే ఆ క్షేత్రంలో ఏమిటో అందరికీ తెలుసు. అక్కడ పనిలో చేరిన మనిషికి మొదటి రోజే ఓ కర్ర ఇస్తారు, పంట ఎంత ఎత్తుండాలో అంత ఎత్తుది. దాన్ని పట్టుకుని సాలు వెంట నడవాలి. కర్రను దాటిన మొక్క బెరకు, తీసి పారేయాలి. బెరకులు ఏరడం అంటారు దాన్ని. అక్కడి ఆడవాళ్లు ఆ పని చేసీ చేసీ, పెళ్లిపందిట్లో వరసగా నిలబడ్డ జనాన్ని చూసినా ఎవరి తల పైకుందా అని వెతుకుతారు.

తనిఖీ రోజు పొద్దున్నే నిచ్చెన మా ఇంటికొచ్చింది. బెరకులు ఏరేవాళ్లకి పెద్ద ఆమె. మనిషి ఎత్తుని బట్టి ఆ పేరు. కొడవలి ఇంకా చేతిలోనే ఉంది, ముఖం వెలిగిపోతోంది.

“అక్కా, అమ్మాయిని ఇవాళ దర్జాగా వెళ్లమను. సూర్యుడు రాకముందే అందరం దిగి శుభ్రం చేసేశాం. ఒక్క తల పైకి లేదు. నీళ్లు పోస్తే నిలబడేంత చదును!”

లోపల తల దువ్వుకుంటున్న బుడ్డి అలాగే బయటికొచ్చింది, సగం జడతో.

“ఏం చేశారు?”

“పొడుగువన్నీ తీసేశాం మేడం. అడక్కుండానే. మీకోసమని...”

బుడ్డి పరుగెత్తింది. వెనకాల నేను, నా వెనకాల ఏం జరిగిందో తెలియక నిచ్చెన.

మడి నిజంగానే అద్దంలా ఉంది. ఇంకే రోజైనా చూసి మురిసిపోయేదాన్ని. కోసిన మొక్కలేవని అడిగితే గొడ్ల సావిడి వైపు చూపించారు. అక్కడ మేత కోసే యంత్రం అప్పటికే తిరుగుతోంది. తొట్టి నిండా ఆకుపచ్చ ముక్కలు, అందులో మీసాలాయన జొన్న చొప్ప కూడా కలిసిపోయి ఉంది. ఏది ఎవరి బిడ్డో చెప్పగలిగేది ఇక ఆవులే.

బుడ్డి ఎవర్నైనా ఓ మాట అంటే బాగుండేది. గట్టు మీద కూర్చుని జడ అల్లుకోవడం పూర్తి చేసింది. అప్పుడు మేస్త్రి నిచ్చెనకి విషయం చెప్పాడు.

“నా చేతులు విరిగిపోను! మరి మాకు ముందే చెప్పొద్దా? జాగ్రత్తంటే ఇదేగా ఎప్పుడూ?”

“నాదే తప్పమ్మా,” అన్నాడు మేస్త్రి. వేళాకోళం లేకుండా అతను మాట్లాడగా వినడం నాకదే మొదలు.

తనిఖీ వాళ్లు వచ్చారు, సాళ్లలో నడిచారు, తెగిన మొదళ్లు చూశారు. మీసాలాయన వాళ్ల వెనకే ఉన్నాడు. “కల్తీ ఉంటే ఉందనొచ్చు, కానీ పొద్దున్నే కోసి దాచేయడం ఏం పద్ధతండీ?” అన్నాడు. బుడ్డి చెప్పింది, సంచి మడత కథ అంతా చెప్పింది. మా క్షేత్రం డైరెక్టరుగారు తల ఊపి, “బాగుందమ్మా, కానీ చూపించడానికి మొక్క ఏది?” అన్నారు. తనిఖీ వాళ్లు మిగతా క్షేత్రాలు కూడా చూసుకుని తిరుగు ప్రయాణంలో మళ్లీ వస్తామన్నారు. అప్పటికీ ఏ రుజువూ లేకపోతే కాల్చేయడమే.

ఆ రోజు ఇంట్లో నేను చేయని పని లేదు. డబ్బాలన్నీ దించి తుడిచి, మళ్లీ ఎక్కించి, తుడిచానో లేదో గుర్తురాక మళ్లీ దించాను. బుడ్డి మంచం మీద వెల్లకిలా పడుకుని పైకి చూస్తోంది. ఇక ఎక్కడికీ వెళ్లదు కదా అని ఓ ఆలోచన వచ్చింది నాకు. వచ్చిన వెంటనే, ఎవరైనా విన్నారేమోనన్నట్టు చుట్టూ చూశాను.

ఉన్నట్టుండి బుడ్డి లేచి కూర్చుంది.

“పెద్దమ్మా! వాళ్లు పీకలేదు, కోశారు.”

“ఏదైతేనేమే?”

“ఎప్పుడూ వేళ్లతో సహా పీకుతారు. ఈసారి నేల బిగుసుకుపోయిందని కొడవళ్లతో కోశారు. వేళ్లు లోపలే ఉన్నాయి!”

“ఉంటే?”

“పైన తల ఉన్నంతకాలం అది కింది మొగ్గలకి కబురు పంపుతూనే ఉంటుంది, మీరు లేవొద్దని. మన జొన్నలో ఆ మాట బాగా చెల్లుతుంది, అందుకే ఒకటే కాండం. ఇప్పుడు తలలేదు. కబురు చెప్పేవాళ్లు లేరు. మొగ్గలు లేస్తాయి. పిలక వేస్తే అదే మొక్క, అదే జన్యువు. పరీక్షకి కావలసిన పచ్చి ఆకు దొరికినట్టే!”

అంత సంతోషంలోనూ ఆమె ముఖం వెంటనే చిన్నబోయింది. నేల ఎండి ఉంది. గింజ ముదిరే వేళ మడికి నీళ్లు పెట్టకూడదు, పెడితే పంట పాడు. నీళ్లు లేకపోతే పిలకలు లేచేదెలా?

సాయంత్రం నేను బిందె చంకనెత్తుకుని, చెంబు పట్టుకుని వెళ్లాను. గట్టు మీద మేస్త్రి.

“అమ్మా, ఈ మడికి నీళ్లు కట్టకూడదు, మీకు తెలియందేముంది.”

“మడికి కాదయ్యా. మొదళ్లకి.”

“చెంబుతోనా? ఇన్నిటికా?”

“నీ దగ్గర ఇంకో చెంబుంటే పట్రా. లేకపోతే పక్కకి తప్పుకో.”

మొదటి మొదలు దగ్గర వంగాను. తెగిన చోట ఎండి తెల్లబడి ఉంది. చెంబు వంచబోయి ఆగాను. పోయకపోతే ఎవరికీ తెలియదు. ఎండిపోతే ఎండ మీదికి పోతుంది తప్పు. పిల్ల ఉంటుంది, రోజూ సాయంత్రం ఇంటికొస్తుంది, నా వంట బాగోలేదంటుంది. ఎంతసేపు నిలబడ్డానో, వెనకనుంచి నిచ్చెన గొంతు వినిపించింది. “అక్కా, నడుం పట్టేసిందా? ఇలా ఇవ్వు.” ఆమెతోపాటు పొద్దున్న కోసినవాళ్లంతా వచ్చారు, పాత డబ్బాలు, ముంతలు పట్టుకుని. నేను చెంబు ఇవ్వలేదు. నేనే పోశాను.

ఆ తర్వాత రోజూ అదే పని. మట్టిలో వేలు పెట్టి తడి చూడటం, మొదలు చుట్టూ వంగి వెతకడం. నిచ్చెన అయితే ఒక్కోదాన్ని బతిమాలేది: “తల్లీ, కోపం మానుకో. కోసింది నిజమే, లేచి నన్ను తిట్టు.” మీసాలాయన తన గట్టు మీదనుంచి చూసి, “ఏమ్మా, చచ్చినవాటికి తీర్థం పోస్తున్నారా?” అన్నాడు. నిచ్చెన నడుం నిటారు చేసి, “మీరూ ఓ గుక్క తాగిపోండి బాబూ, దాహంగా ఉన్నట్టుంది,” అంది. ఆయన మీసాల చాటున నవ్వుకున్నాడో ఏమో, తల తిప్పుకున్నాడు.

నాకు ఒకటే దిగులు. మొలవకపోతే ఎలా అని ఓ పూట, మొలిస్తే ఎలా అని ఓ పూట.

మొలిచాయి. ఓ పొద్దున ఓ మొదలు పక్కన, పాత తొడుగు చీల్చుకుని, పచ్చగా సూది మొనలాంటిది కనిపించింది. నేను కేక పెట్టలేకపోయాను. నిచ్చెన చూసి పెట్టింది. రెండో రోజుకి ఇంకొన్ని, ఆపైన ఇంకొన్ని. కొన్ని మొదళ్లు లేవనే లేదు. లేచినవి చాలు అంది బుడ్డి.

డైరెక్టరుగారినీ మీసాలాయననీ పిలుచుకొచ్చి వాళ్ల ముందే ఆకు ముక్కలు కత్తిరించింది. “ఈ పిలక ఆ మొక్కదేనని ఏమిటి నమ్మకం? రాలిన గింజ మొలిచి ఉండొచ్చు,” అన్నాడు మీసాలాయన. బుడ్డి మోకాళ్ల మీద కూర్చుని వేళ్లతో మట్టి తోడింది. పిలక మొదలు, తెగిన కాండం ఒకదాన్నొకటి అంటుకుని ఉన్నాయి, తల్లి నడుం పట్టుకున్న పిల్లలా. ఆయన కూడా వంగి, లాగి చూసి, “సరే, కత్తిరించు,” అన్నాడు.

పరీక్ష ఫలితం వచ్చిన రోజు బుడ్డి నడుచుకుంటూ వచ్చింది. అంత నెమ్మదిగా నడవడం చూసి అతికించే బంక గిన్నె పక్కకి జరిపాను.

“మనవేనా?”

“మనవే. అన్నిట్లోనూ ఆ అదనపు ముక్క పోయింది. మడత విడిచింది పెద్దమ్మా, నేను చెప్పినట్టే.” కూర్చుంది. “ఒక్కటి తప్ప.”

“ఆ ఒక్కటీ?”

“మీసాలాయనది. నిజంగానే. ఆయన జొన్న పుప్పొడి నా కంకి మీద ఎప్పుడో పడింది. ఏ సంచో సరిగ్గా మూసుకోలేదు.”

నేను నా చేతులకేసి చూసుకున్నాను. బుడ్డి అది గమనించి, “సంచి కాదులే, పిన్ను. పిన్ను గుచ్చింది నేను,” అంది. నిజమో, నాకోసం అందో ఇప్పటికీ తెలియదు.

మీసాలాయన డైరెక్టరుగారి గదిలో పెద్ద గొడవేమీ చేయలేదట. “నేనన్నది కొంత నిజం, ఆ అమ్మాయి అన్నది ఎక్కువ నిజం,” అన్నాడట. తిరిగొచ్చిన తనిఖీ వాళ్లు కాల్చొద్దన్నారు. కానీ ఓ షరతు పెట్టారు. ఇక్కడ నాలుగు వైపులా పొడుగు జొన్నే. గాలి ఎటు వీచినా ఆ పుప్పొడే. అందుకని ఈ విత్తనాన్ని వేరే జొన్న చేను ఒక్కటి కూడా లేని చోట వేసి, పెంచి, శుభ్రం చేసుకోవాలి. నేను భయపడుతూ వచ్చిన విత్తన క్షేత్రం కూడా పనికిరాదన్నారు. దానికి ఇంకా అవతల, గుట్టల్లో ఓ చిన్న క్షేత్రం ఉందట. వెంటనే బయలుదేరాలి, అక్కడ విత్తే అదను దాటిపోతుంది.

“ఎన్నాళ్లు?”

“నిలకడయ్యేదాకా.”

“అంటే?”

“నాకూ తెలియదు పెద్దమ్మా.” నా పక్కకి జరిగి, “నువ్వు కూడా రా,” అంది. “అక్కడా సంచులు కావాలి.”

“నా వల్ల కాదు. ఈ ఇల్లు, ఈ పని... కొత్త చోటు నాకు నిద్ర పట్టదు.” నోటికొచ్చిందల్లా చెప్పాను. వెళ్లేవాళ్లని పంపించడం నాకు బాగా అలవాటైన పని. నేను వెళ్లడం ఎలాగో మాత్రం తెలియదు.

బయలుదేరే రోజు పొద్దున విత్తనం మూటలు వ్యానెక్కించారు. నిచ్చెన ఏడ్చి, ముక్కు చీది, “మేడం, అక్కడ బెరకులు ఏరేవాళ్లకి అంతా వివరంగా చెప్పండి, మేస్త్రిని నమ్మకండి,” అంది. మేస్త్రి వెళ్లి వ్యాను వెనక తలుపు వేశాడు. ముందు సీట్లో డ్రైవరు పక్కన చోటుంది. “పెద్దరోడ్డు దాకా వస్తాను, అక్కణ్ణించి నడిచొచ్చేస్తా,” అని నేనూ ఎక్కాను. ఇంటికి తాళం మాత్రం వేసుకున్నాను, ఎంతైనా తెరిచి వదలలేం కదా.

పెద్దరోడ్డు వచ్చింది. డ్రైవరు వ్యాను నెమ్మది చేశాడు.

“ఇక్కడ లారీలు ఎక్కువ నాయనా. వంతెన దాటాక ఆపు.”

వంతెన దాటాం. బుడ్డి మా ఇద్దరి మధ్యా ఇరుక్కుని, ఒళ్లో విత్తనం డబ్బా పెట్టుకుని, ఎదరకే చూస్తోంది. పెదవి బిగించి పట్టుకుంది, నవ్వాపుకుంటోందో ఇంకేమిటో.

“అమ్మా, ఇక్కడ దిగుతారా?” అన్నాడు డ్రైవరు.

“ఇక్కడా? బస్సేమైనా ఆగుతుందా ఇక్కడ?”

“ఆగదమ్మా.”

“మరి? బస్సాగే చోట ఆపు.”

బస్సాగే చోటు వచ్చింది. అక్కడో కొట్టు, ఓ బల్ల, బల్ల మీద ఎవరో కునుకుతున్న మనిషి. డ్రైవరు ఈసారి ఇంజను కూడా ఆపేసి, చేయి చాచి నా వైపు తలుపు గడియ తీశాడు. వేడిగాలి లోపలికి కొట్టింది. నేను తలుపు దగ్గరికి లాక్కుని వేశాను.

“ఎంత ఎండగా ఉందో చూడవయ్యా. ఇంకాస్త ముందుకి పోనీ. ఎక్కడైనా నీడుంటే అక్కడ ఆపుదువుగాని.”